వరండాలో పోయిన అర కిలో

శేషావతారంగారు బియ్యం గోదాముల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి, ఇంక మూడు నెలల్లో రిటైరవుతారనగా, ఆయన్ని తీసుకొచ్చి కొత్తరేవు ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల మీద ప్రత్యేకాధికారిగా వేశారు. ఎందుకు వేశారని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సినవాళ్లు అప్పటికే ఇంకో శాఖకి బదిలీ అయిపోయారు.

ఆ ఏడాది పైవాళ్లకి ఒక ఊపు వచ్చింది. బస్సు వేళకి రావాలంటున్నాం, ఫైలు వేళకి కదలాలంటున్నాం, మరి బిడ్డ మాత్రం తనకి తోచినప్పుడు పుడితే ఎలా ఊరుకుంటాం అన్నారు. 'సకాల జనన పథకం' అని పేరు పెట్టారు. ఆసుపత్రి గేటుకి 'చెప్పిన తేదీకి, చెప్పిన బరువుతో' అని ఆకుపచ్చ బోర్డు కట్టారు. ఆ బోర్డు మాత్రం చెప్పిన తేదీకి పద్దెనిమిది రోజులు ఆలస్యంగా, చెప్పినదానికంటే రెండడుగులు పొట్టిగా వచ్చింది.

సువార్త సిస్టరు ఆ బోర్డు కిందనుంచి నడిచి వెళ్తూ లోలోపల నవ్వుకుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆవిడ ఆ ఆసుపత్రిలో కాన్పులు చేస్తోంది. ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే పెరిగి, పెళ్లిళ్లు చేసుకుని, మళ్లీ ఆవిడ దగ్గరికే నొప్పులతో వస్తున్నారు. ఇన్నేళ్లలో ఆవిడకి బాగా తెలిసొచ్చింది ఒకటే సంగతి. బిడ్డలు క్యాలెండరు చూసుకుని బయల్దేరరు.

శేషావతారంగారు మొదటిరోజే సిబ్బందిని వరసగా నిలబెట్టి ప్రసంగించారు.

"గోదాములో ఒకటే సూత్రం. లారీ ఎక్కినప్పుడు సరుకు ఎంత తూగిందో, దిగినప్పుడూ అంతే తూగాలి. తేడా వచ్చిందంటే దారిలో దొంగ ఉన్నాడన్నమాట. ఇక్కడ స్కానింగు గది ఎగుమతి కేంద్రం. ప్రసవాల గది దిగుమతి కేంద్రం. మధ్యలో ఉన్నది వరండా. ఆ వరండా మీద నాకు మొదటిచూపులోనే అనుమానం కలిగింది."

స్కానింగు చేసేది డాక్టర్ హిమబిందు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అందుకని ఇంకా నిజాలు చెప్పే అలవాటు పోలేదు.

"సర్, స్కానింగులో మేం బిడ్డని తూచమండి. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడుగు కొలుస్తాం. వాటినిబట్టి మిషను బరువు ఊహించి చెప్తుంది. నూటికి పదిహేను వంతులు అటో ఇటో అవచ్చు. ఒక్కోసారి ఇంకా ఎక్కువే తేడా వస్తుంది. తేదీ కూడా అంతే. మూడో నెలలోపు చూస్తే వారం తేడాలో చెప్పగలం. ఏడో నెలలో మొదటిసారి వచ్చారంటే మూడు వారాలు ముందూ వెనకా. సరిగ్గా చెప్పిన తేదీకే పుట్టేది నూటికి నలుగురో అయిదుగురో సర్."

ఆయన ఒక పాత నివేదిక తెప్పించుకుని, కళ్లజోడు పైకి జరిపి, బరువు పక్కనున్న గుర్తు మీద వేలు పెట్టారు.

"ఇదేమిటి?"

"ప్లస్ ఆర్ మైనస్ అండి."

"కూడికా, తీసివేతా?"

"రెండూనండి."

"రెండూ ఒకేచోట ఎలా కుదురుతాయి డాక్టరుగారూ? ప్రభుత్వమన్నాక ఏదో ఒకటి తేల్చుకోవద్దూ?"

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, స్కానింగు నివేదికలయందు అనుమానమునకు తావిచ్చు గుర్తులు, అలంకారములు నేటినుండి నిషేధించడమైనది. సదరు గుర్తు వాడినవారు శిక్షార్హులు.'

ఆ తర్వాత నెలా నెలన్నర ఆసుపత్రి భలే కళకళలాడింది. తేదీ దాటి ఆరు రోజులైనా నొప్పులు రాని ఒక ఇల్లాలికి 'జాప్యమునకు సంజాయిషీ' అడుగుతూ నోటీసు వెళ్లింది. ఆమె భర్త బడిపంతులు, కాగితాల భాష తెలిసినవాడు. 'సదరు గర్భమును ఇంకొక వారము పొడిగించుకొనుటకు అనుమతి ఇప్పించ ప్రార్థన' అని దరఖాస్తు పెట్టాడు. శేషావతారంగారు నాలుగు రోజులు మాత్రమే మంజూరు చేశారు. దైవికంగా ఆ పిల్లాడు నాలుగో రోజునే పుట్టాడు. దాంతో ఆయనకి తన సంతకం మీద తనకే భక్తి కుదిరిపోయింది.

జూన్ నాలుగున ఝాన్సీ వచ్చింది. రేవుపేట పిల్ల, తొలిచూలు. భర్త ఎల్లాజీ బోటు మీద వేటకి వెళ్తాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడుమనుంచి జూన్ నడుమదాకా సముద్రం మీద వేట నిషేధం కాబట్టి, అతను ఆ రెండు నెలలూ ఒడ్డునే ఉన్నాడు. అంతకుముందు పెళ్లాన్ని వెంటబెట్టుకుని వేరే రేవులకి వలస తిరిగాడు. అందువల్ల ఝాన్సీ మొదటి స్కానింగుకి వచ్చేసరికే ఏడో నెల. మిషను జూన్ ఇరవై అని తేదీ చెప్పింది. నాలుగో తారీకున నడుము నొప్పిగా ఉందని వస్తే హిమబిందు మళ్లీ చూసింది. బరువు మూడు కిలోల మూడు వందల గ్రాములు అంది మిషను. అటూ ఇటూ అన్న గుర్తు నిషేధం కాబట్టి, ఆ అంకె రాతిమీద చెక్కినట్టు ఒంటరిగా కూర్చుంది.

సువార్త పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూసి, "మూడుకి లోపేనమ్మా. రేపో మాపో అయిపోతుంది," అంది.

ఝాన్సీ తల్లి అచ్చియ్యమ్మ, చేపల గంప మోసి మోసి నిటారుగా నిలబడే మనిషి, సువార్త చెయ్యి పట్టుకుంది.

"సిస్టరుగారండీ, మా అల్లుడు పదిహేనో తారీకు పొద్దున్నే బోటెక్కేత్తాడండి. ఎక్కితే మళ్లీ నెల రోజులకి గాని రాడండి. మా పేటలో తండ్రే వలతాడుతో ఉయ్యాల కట్టి, మొదటి ఊపు ఊపాలండి. అది లేకుండా ఎల్లిపోతే మడిసి బోటుమీదుంటాడు గాని మనసు ఒడ్డునే ఉండిపోద్దండి. సముద్రంలో అలాటోడితో ఏం పనండి?"

"కాన్పయిన మూడోరోజున పంపించేస్తానమ్మా. నాదీ పూచీ," అంది సువార్త.

అయిదో తారీకు పదకొండింటికి ఆడపిల్ల పుట్టింది. కెవ్వుమని ఏడ్చింది, ఎర్రగా కందిపోయింది, వెంటనే పాలు పట్టింది. తూకంలో రెండు కిలోల ఏడు వందల ఎనభై. ఇంత చక్కగా జరిగిన కాన్పు ఈ మధ్య లేదనుకుంది సువార్త.

మూడోరోజు డిశ్చార్జి కాగితం పట్టుకుని వెళ్తే, శేషావతారంగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, కాలిక్యులేటరు తీసి నొక్కి, నీళ్లు తాగారు.

"అయిదు వందల ఇరవై గ్రాములు," అన్నారు. "సిస్టర్, అర కిలో పైమాట. నిన్నటికి నిన్న మూడు కిలోల మూడు వందలున్న శిశువు, ఒక్కరోజులో ఇంత తరుగు ఎలా వచ్చింది?"

"తరుగు కాదండి. స్కానింగు అంచనా ఎక్కువ చెప్పింది, అంతే. బిడ్డ పుట్టిందే ఇంత."

"మిషను ప్రభుత్వం కొన్నది. మీ చెయ్యి ప్రభుత్వం కొన్నది కాదు. నేను దేన్ని నమ్మాలి?"

'సదరు శిశువు వివాదాస్పదమైనందున విచారణ ముగియువరకు ఆసుపత్రి దాటరాదు' అని ఆయన అక్కడికక్కడే రాసి ముద్ర కొట్టారు.

విచారణ వరండాలో మొదలైంది. స్కానింగు గది గుమ్మంనుంచి ప్రసవాల గది గుమ్మందాకా టేపు పట్టించారు. ముప్ఫై ఎనిమిది అడుగులు. గోడ వారగా ఎలుక కన్నం ఒకటి కనిపించగానే ఆయన ముఖం వెలిగింది.

"ఎలుకల నష్టం కింద రాసెయ్యొచ్చు సిస్టర్. గోదాములో ఏటా రాస్తాం."

"బిడ్డని అర కిలో ఎలుకలు తిన్నాయని రాస్తారా? చదివినవాళ్లు ఉమ్మేస్తారండి!" అంది సువార్త. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

ఆయన కాస్త ఆలోచించి, ఎలుకలకి కేటాయించిన పేరా కొట్టేశారు. "సరే. బాలింత ఈ వరండాలో ఎలా వచ్చింది?"

"నడిచే వచ్చిందండి. నొప్పులొచ్చి రెండుచోట్ల ఆగింది."

"ఆగిందా!" ఆయన పెన్ను తీశారు. "ఎక్కడ ఆగింది? ఎంతసేపు? ఎందుకు?"

"నొప్పండి. నొప్పొస్తే ఎవరైనా ఆగుతారు."

"లారీలు కూడా దాబా హోటళ్ల దగ్గర ఏదో ఒక వంకతోనే ఆగుతాయి," అని రాసుకున్నారు. "పుట్టిన వెంటనే ఏం చేశారు?"

"శుభ్రంగా తుడిచాను."

"తడి ఉందన్నమాట."

"ఉండదాండీ మరి? తుడవకపోతే చలేస్తుంది."

"తేమ శాతం కొలవకుండా తుడిచేశారు," అని గట్టిగా చదువుతూ రాశారు ఆయన. "ధాన్యమైతే పదిహేడు శాతందాకా ఒప్పుకుంటాం. తుడిచేశాక ఇప్పుడు నేను ఏం ఒప్పుకోవాలి?"

మర్నాడు ఇంకో ముప్పు వచ్చిపడింది. బిడ్డని మళ్లీ తూచారు. రెండు కిలోల ఆరు వందల ఇరవై. పుట్టిన ఏ బిడ్డయినా మొదటి నాలుగు రోజులూ కాస్త తగ్గి, పదో రోజుకల్లా మళ్లీ పుంజుకుంటుందని సువార్త చెప్పింది. హిమబిందు పుస్తకం తెచ్చి చూపించింది. ఆయన పుస్తకం చూడలేదు. ఆయన కళ్లలో అప్పటికే వేరే వెలుగు ఉంది.

"అంటే దొంగ వరండాలో లేడు. వార్డులోనే ఉన్నాడు. రోజూ కొంచెం కొంచెం తరలిస్తున్నాడు!"

గంటలో వార్డు గుమ్మానికి వాచ్‌మన్ కాపలా పడింది. లోపలికి వెళ్లేవాళ్ల చేతులూ బయటికి వచ్చేవాళ్ల కొంగులూ చూడమని ఆర్డరు. చివరికి తేలింది ఏమిటంటే, వార్డునుంచి బయటికి వెళ్తున్నవి బిడ్డ తడిపిన గుడ్డలు తప్ప మరేం లేవు. శేషావతారంగారు ఊరుకుంటారా? గుమ్మం దగ్గర తూకం పెట్టించి, వెళ్లే ప్రతి గుడ్డనీ తూచి, ఆరిన తర్వాత మళ్లీ తూచి, తేడా రాయమన్నారు.

అచ్చియ్యమ్మకి ఇది భలే నచ్చింది. గుడ్డ మారినప్పుడల్లా వాచ్‌మన్‌ని పక్కకి తోసి, తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్లి, ఆయన బల్లమీదే పెట్టేది.

"ఇదిగోండి బాబూ, ఏడిమీదుండగానే తెచ్చాను. ఇందాకటిది తడేనండి. ఇది మాత్రం రెండూ ఉన్నాయండి. బాగా తూచుకోండి. ఆయ్."

మూడు రోజుల్లో ఆ గదిలోకి ఎవరూ వెళ్లడం మానేశారు. శేషావతారంగారు మాత్రం ముక్కుకి రుమాలు కట్టుకుని కూర్చుని, నూట నలభై గ్రాములకి లెక్క దొరికిందని పైకి తంతి లాంటి ఉత్తరం ఒకటి రాశారు. ఆయనలో ఒక్క గుణం ఉంది. పనికి వెనుదీయరు.

బయట గేటు దగ్గర ఎల్లాజీ రోజూ పొద్దున్నే వచ్చి నిలబడేవాడు. భుజంమీద కొత్త వలతాడు చుట్ట. బాలింతల వార్డులోకి మగవాళ్లకి ప్రవేశం లేదు. కిటికీలోంచి ఝాన్సీ పిల్లని ఎత్తి చూపిస్తే, రెండు చేతులతో ఊపినట్టు సైగ చేసి వెళ్లిపోయేవాడు. సువార్త అతనివైపు చూడలేకపోయేది. మాట ఇచ్చింది తను. పదిహేనో తారీకు తరుముకొస్తోంది. ఇన్నేళ్లలో ఎన్నో కష్టమైన కాన్పులు చేసింది గాని, ఒక ఆరోగ్యమైన బిడ్డని గేటు దాటించడం ఇంత కష్టమని ఎప్పుడూ అనుకోలేదు.

పన్నెండో తారీకున ఆవిడకి ఒక ఉపాయం తట్టింది. ఈయనకి వైద్యం భాష ఎక్కదు, గోదాము భాషలోనే చెప్పాలి అనుకుని, హిమబిందుని వెంటబెట్టుకుని వెళ్లింది.

"సర్, గోదాములో బస్తా తూచినప్పుడు గోనెసంచి బరువు తీసేస్తారాండీ?"

"తియ్యకపోతే ఎలా? గోనెకి అయిదు వందల ఎనభై గ్రాములు."

"బిడ్డకి కూడా సంచి ఉంటుందండి. మాయ అంటాం. బిడ్డతోపాటే ఉంటుంది, పుట్టాక విడిగా వస్తుంది. అది అర కిలో తూగుతుంది."

శేషావతారంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కళ్లు చెమర్చాయి కూడా.

"సిస్టర్! ఇన్నాళ్లూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదు? స్కానింగులో సంచితో కలిపి, ప్రసవంలో సంచి లేకుండా! తేలిపోయింది కదమ్మా!"

"కాని సర్, స్కానింగు లెక్కలో మాయ బరువు కలవ..." అని హిమబిందు ఏదో అనబోయింది. సువార్త ఆమె కాలు గట్టిగా తొక్కింది.

డిశ్చార్జి కాగితం ముందుకి జరిగింది. పెన్ను మూత ఊడింది. కొస కాగితానికి తాకుతుండగా ఆయన తలెత్తారు.

"సంచి ఏది?"

"ఏ సంచండీ?"

"ఖాళీ సంచి. సరుకు దింపుకున్నాక ఖాళీ సంచులు తిరిగి అప్పజెప్పాలి కదా. అది చూసి సంతకం చేస్తాను."

"అది... అదే రోజు పసుపు సంచిలో వేసి పంపించేశామండి. ఆసుపత్రి చెత్త కదా, కాల్చేస్తారు."

"సంచిని ఇంకో సంచిలో వేసి, కాల్చేశారు," అన్నారాయన నెమ్మదిగా, ఒక్కో మాటా బరువు తూస్తున్నట్టు. పెన్ను మూత మళ్లీ బిగిసింది. "సిస్టర్, అర కిలో పోయిందంటే పొరపాటు అనుకోవచ్చు. సాక్ష్యం తగలబెట్టారంటే ఏమనుకోవాలి? అదీగాక తేదీ సంగతి ఉండనే ఉంది. ఇరవయ్యో తారీకున రావలసిన సరుకు అయిదునే దిగితే, దాన్ని ఇరవైదాకా వచ్చినట్టు చూపించడానికి వీల్లేదు. రికార్డు ప్రకారం ఆ శిశువు ఇంకా పుట్టలేదు. పుట్టని శిశువుని డిశ్చార్జి చేస్తే నా ఉద్యోగం పోతుంది."

అప్పుడే వార్డులోంచి పిల్ల గుక్కపట్టిన ఏడుపు వినిపించింది.

"మరి ఆ ఏడుపు ఎవరిదండీ?" అంది సువార్త.

"రికార్డు ప్రకారం ఎవరిదీ కాదు," అన్నారు శేషావతారంగారు.

ఉపాయం తిరగబడి ఆవిడ మీదే మెమో అయింది. 'ఖాళీ సంచి దుర్వినియోగం' అని దానికి పేరు. పదమూడో తారీకు ఎలాగో గడిచింది. పద్నాలుగున పొద్దున్న డ్యూటీకి వస్తూంటే గేటు దగ్గర ఎల్లాజీ తాడు చుట్ట ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

ఆఫీసు గదిలోకి అడుగుపెట్టేసరికి శేషావతారంగారు కుడిచెయ్యి నెత్తిమీదుగా ఎడమ చెవివైపుకి చాచి, అందక, మూలుగుతూ ఉన్నారు. ఎదురుగా బల్లమీద ఒక కవరు.

"ఏమైందండీ? నొప్పా?" అంది సువార్త కంగారుగా.

"జూన్ ముప్ఫయ్యో తారీకున నన్ను రిటైరు చేస్తున్నారు సిస్టర్." ఆయన కవరు ముందుకి తోశారు. "అన్యాయం. నేను పుట్టింది కార్తీకమాసంలో. మా అమ్మ చనిపోయేదాకా చెప్తూనే ఉంది, కార్తీక పౌర్ణమి మర్నాడు పుట్టావురా అని. మా ఊళ్లో బడిలో వెయ్యడానికి తీసుకెళ్తే హెడ్మాస్టరు తేదీ అడగలేదు. చెయ్యి నెత్తిమీదుగా తిప్పి అవతలి చెవి అందుకోమన్నాడు. అందింది. అందితే అయిదేళ్లు నిండినట్టే. జూలై ఒకటి అని రాసేశాడు. మా తరగతిలో ముప్ఫై ఇద్దరం. ముప్ఫై ఇద్దరమూ జూలై ఒకటినే పుట్టాం. ఊళ్లో అంతమంది ఒకే రోజు ఎలా పుడతారని ఒక్కడూ అడగలేదు. ఆ మహానుభావుడి అంచనాకి నా సర్వీసులో అయిదు నెలలు పోయాయి."

అయిదు నెలలు పోయాయన్నప్పుడు ఆయన ముఖం నిజంగా చిన్నబోయింది. మళ్లీ ఒకసారి చెయ్యి నెత్తిమీదికి తీసుకెళ్లారు. భుజం పట్టేసింది, చెవి అందలేదు. ఆ లెక్కన చూస్తే ఆయనకి ఇంకా అయిదేళ్లు నిండలేదు.

సువార్తకి జాలి వేసింది. ఆ జాలి వెనకాలే ఇంకో ఆలోచన కూడా వచ్చింది.

"పైకి దరఖాస్తు పెట్టుకోండి సర్. పుట్టినతేదీ అంచనా మాత్రమే, అసలు తేదీకీ దానికీ తేడా ఉండొచ్చని డాక్టరమ్మ చేత సర్టిఫికెట్టు రాయిద్దాం."

ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశారు. హిమబిందుని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, తనే చెప్పి రాయించారు. 'అంచనా తేదీకిని వాస్తవ తేదీకిని వ్యత్యాసము సహజము. సదరు వ్యత్యాసము జూలై ఒకటికి అయిదు నెలలు...'

"అక్కడ ఆ గుర్తు పెట్టండి డాక్టరుగారూ."

"ఏ గుర్తు సర్?"

"అదే. కూడికా తీసివేతా రెండూ ఉన్నది."

"అది మీరు నిషేధించారు కదండీ. వాడితే శిక్ష అన్నారు."

ఆయన కొత్త కాగితం తీసి, చరచరా రాశారు. 'ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునదేమనగా, అంచనా అన్నది అంచనాయే. అంచనాకును వాస్తవమునకును తేడా వచ్చినచో వాస్తవమునే ప్రమాణముగా గైకొనవలెను. పూర్వపు నిషేధము ఎత్తివేయడమైనది. ఈ ఉత్తర్వు తక్షణము అమలు.' ముద్ర రెండుసార్లు కొట్టారు.

సువార్త గొంతు సవరించుకుంది.

"సర్, నాకు తెలియక అడుగుతాను. ఒట్టి ఉత్తర్వు చూపిస్తే పైవాళ్లు నమ్ముతారా? ఈ పద్ధతి మీ ఆఫీసులో నిజంగా అమలులో ఉందా అని అడిగితే?"

శేషావతారంగారి చెయ్యి ముద్రమీదే ఆగిపోయింది. "అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. పూర్వోదాహరణ కావాలి. ఒక్క కేసయినా ఉండాలి."

"అంచనా ఒకటి, వాస్తవం ఒకటి అయిన కేసు ఒకటి మన వార్డులో ఉందండి. అయిదో తారీకుది. తేదీలోనూ తేడానే, బరువులోనూ తేడానే. అంత మంచి ఉదాహరణ మళ్లీ దొరకదు. కాకపోతే మీ దరఖాస్తు ఇవాళే వెళ్లాలి కాబట్టి, ఇదీ ఇవాళే అయిపోవాలి."

ఈసారి పెన్ను మూత ఊడి మళ్లీ బిగియలేదు. పుట్టిన తేదీ జూన్ అయిదు, బరువు రెండు కిలోల ఏడు వందల ఎనభై, వాస్తవమే ప్రమాణము, సంచి మెమో రద్దు. నాలుగు సంతకాలు, నాలుగు ముద్రలు. సిరా ఆరకముందే సువార్త కాగితం లాక్కుని, అరవై ఏళ్లకి దగ్గరపడ్డ మనిషినన్న సంగతి మర్చిపోయి, ఆ ముప్ఫై ఎనిమిది అడుగుల వరండా పరుగెత్తుకుంటూ దాటింది.

"అచ్చియ్యమ్మా, మూట సర్దు!"

"ఏటండి, దొరికేసిందాండి అర కిలో?"

"తర్వాత చెప్తాను, ముందు పద!"

ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఆవిడ ఇంటికి పోలేదు. రేవుపేటకి వెళ్లింది. ఎల్లాజీ దూలానికి వలతాడు విసిరి, బోటు కట్టే ముడి వేసి, పాత చీర మడతపెట్టి ఉయ్యాల కట్టాడు. తాడు గట్టిదో కాదో తనే వేలాడి చూశాడు. అచ్చియ్యమ్మ నవ్వింది. పిల్లని అందులో పడుకోబెట్టి, రెండు వేళ్లతో పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు, చాలా మెల్లిగా. పిల్ల కళ్లు తెరిచి దూలం వంక చూసింది. అతను సువార్త కాళ్లవైపు వంగబోతే, ఆవిడ "ఛీ, లే, బోటెక్కేవాడివి," అని కసిరి, పక్కకి తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పదిహేనున పొద్దున్నే బోటు వెళ్లింది.

శేషావతారంగారి దరఖాస్తుకి జవాబు చాలా వేగంగా వచ్చింది. పుట్టినతేదీ దిద్దుబాటు ఉద్యోగంలో చేరిన అయిదేళ్లలోపు అడగవలసి ఉండగా, సదరు దరఖాస్తు ఇరవై ఆరేళ్లు ఆలస్యముగా అందినందున తిరస్కరించడమైనది అని ఉంది అందులో. హెడ్మాస్టరు మాటే నెగ్గింది. జూన్ ముప్ఫైన దండ వేసి, శాలువా కప్పి, ఫొటో తీశారు. సభలో లేచి, "నేను ఈ రోజు రిటైరవుతున్నాను, అయిదు నెలలు అటూ ఇటూ," అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు.

అది హాస్యం కాదని మర్నాడు తెలిసింది. పదింటికల్లా ఆయన మామూలుగా వచ్చి, తన గదిలో వేరేవాళ్లు కూర్చున్నారు కాబట్టి, వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. వాస్తవం ప్రకారం తనకి కార్తీక పౌర్ణమిదాకా సర్వీసుంది అన్నారు. ఎవరు మాత్రం ఏమంటారు? ఉత్తర్వు ఇంకా అమలులోనే ఉంది. సువార్త రోజూ పదకొండింటికి ఒక గ్లాసు టీ పంపించేది.

జూలై మూడో వారంలో ఝాన్సీ పిల్లకి టీకాలు వేయించడానికి వచ్చింది. వరండా అంతా బాలింతలూ పిల్లలూ. ఎల్లాజీ రెండు రోజుల కిందటే ఒడ్డుకి వచ్చాడట, పిల్ల నన్ను గుర్తుపట్టిందని పేటంతా చెప్పుకు తిరుగుతున్నాడట. సువార్త పిల్లని తూకంలో పడుకోబెట్టింది. బెంచీ మీదనుంచి శేషావతారంగారు మెల్లిగా లేచి వచ్చి, కళ్లజోడు పైకి జరిపి, వంగి చూశారు.

"సిస్టర్, అర కిలో దొరికిందా?"

"దొరికిందండి," అంది సువార్త. అంటూంటే ఆవిడకి ఎక్కడలేని సంతోషం కలిగింది. "తల్లి దగ్గరే దొరికింది. చూడండి, మూడు కిలోల తొమ్మిది వందలు. మిషను చెప్పినదానికంటే ఆరు వందల గ్రాములు ఎక్కువే."

"ఎక్కువా?" అన్నారాయన.

నవ్వబోయిన ముఖం నవ్వకుండానే ఆగింది. ఆయన నెమ్మదిగా నడుం నిటారు చేసి, జేబులోంచి పెన్ను తీసి, వరండా పొడుగునా వరసగా ఒళ్లో పిల్లలతో కూర్చున్న తల్లులందరినీ ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశారు.

"తలుపులు మూయించండి సిస్టర్," అన్నారు. "వీళ్లలో ఎవరి బిడ్డ తగ్గిందో ముందు చూడాలి."